సాక్ష్యం చెప్పిన నోరు

ఆదివారం, రాత్రి

పోయిన నెల చర్చిలో మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాను. దిగులు జబ్బుకు ఏళ్ల తరబడి మింగిన మాత్రలు ఒక్కసారే మానేశానని, దేవుడే బాగుచేశాడని. అందరూ చప్పట్లు కొట్టారు. వారం తిరక్కుండానే తల తిరుగుడు, ఊరికే ఏడుపు, కంటి మీద కునుకు లేదు. సుచిత్ర చౌరస్తాలో ఉండే డాక్టరు దగ్గరికి పోతే, ఇలా ఒక్కసారే ఆపకూడదమ్మా, మెల్లమెల్లగా తగ్గించుకోవాలి అని మందలించి మళ్లీ మొదలుపెట్టించాడు. సిగ్గుతో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఈరోజు ఆరాధన అయ్యాక, నా పక్కన కూర్చునే అత్వెల్లి ఊరి రాజమణి గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చింది.

"అక్కా, నీ సాక్ష్యం విన్నంక నేను గూడ నా దిగులు గోలీలు బందువెట్టిన. తలకాయల కరెంటు గొట్టినట్టయితాంది. నీకు గూడ గిట్లనే అయ్యిందా?"

పాస్టరమ్మ అక్కడే నిలబడి వింటోంది. "ప్రార్థన జెయ్యి చెల్లె, తగ్గుతది" అనేశాను. ఎంత పాపిష్టి నోరు నాది!

ఇందాక రాజమణికి ఫోను చేసి ఉన్నదంతా చెప్పాను. రేపు డాక్టరు దగ్గరికి నేనే తోడు వస్తానన్నాను.

"వస్త గని అక్కా, గీ ముచ్చట గూడ మైకుల జెప్తవా?" అంది.

నేను సాక్ష్యం చెప్పిన రోజు చర్చి నిండా జనం ఉన్నారు. వాళ్లలో ఇంకెవరెవరు ఇంట్లో చెప్పకుండా మాత్రలు మానేశారో, ఏమవుతున్నారో...