ఆకుపచ్చ కారు మీద అభిప్రాయాలు

ఫిబ్రవరి 9, ఆదివారం

ఈ పొద్దున అన్నయ్య కారు ఫోటోలు గ్రూపులో పెట్టేశాడు. సీట్లు ఇంకా బిగించలేదు, డ్యాష్‌బోర్డు కింద వైర్లు వేలాడుతున్నాయి, అయినా ఆగలేకపోయాడు. రెండేళ్ళు ఆగినవాడివి రెండు వారాలు ఆగలేవా అన్నాను. నా మాట వింటే వాడు అన్నయ్య ఎందుకవుతాడు?

గ్రూపంటే పాత కార్ల పిచ్చివాళ్ళ గ్రూపు. నాలుగు వేల మంది. చేత్తో స్పానర్ పట్టుకున్నవాళ్ళు అందులో నలభై మంది ఉంటే గొప్ప. వాళ్ళు ఏమంటారో రాసి పెట్టుకుంటే తర్వాత నవ్వుకోవచ్చని ఈ డైరీ మొదలుపెట్టాను.

ఈ కారు ఎవరో కంపెనీవాళ్ళు చేసింది కాదు. అరవై ఏళ్ళ కిందట ఒకాయన తన షెడ్డులో, తన చేతులతో తయారు చేసుకున్న స్పోర్ట్స్ కారు. ఇలాంటిది ఇంకోటి లేదు. మాకు దొరికినప్పుడు ఒక గోదాములో టార్పాలిన్ కింద పడి ఉంది, ముందు భాగమంతా నలిగిపోయి. పక్కన మూడు చెక్కపెట్టెల నిండా విడి భాగాలు. బాడీ, పెయింటు అన్నయ్య పని. ఇంజిను, బ్రేకులు, స్టీరింగ్ నావి. టీలు, తిట్లు వదినవి.

సాయంత్రానికి నూట పన్నెండు అభిప్రాయాలు.

ఫిబ్రవరి 10

రంగు తప్పట. ఇది చిలకపచ్చ, అసలుది నాచు పచ్చ అని ఒకడు. నాచు పచ్చ కూడా కాదు, సీసా పచ్చ అని ఇంకొకడు. ఇద్దరూ రాత్రంతా కొట్టుకున్నారు. అద్దం కుడివైపు ఉండకూడదట. చక్రాలకి ఊచలు నలభై ఎనిమిదే ఉండాలట, మావి అరవై ఉన్నాయట. ఫోటోలో ఊచలు లెక్కపెట్టిన మహానుభావుడికి పెళ్ళాం పిల్లలు ఉన్నారా అని వదిన అడిగింది.

నేను పడీ పడీ నవ్వాను. అన్నయ్య నవ్వలేదు. ఫోన్ పట్టుకుని చక్రం పక్కన గొంతుక్కూర్చున్నాడు.

ఫిబ్రవరి 16

క్లబ్బు ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ఏప్రిల్‌లో జరిగే కొండ దారి షోకి ఏ కారు పనికొస్తుందో, దేనికెన్ని మార్కులో చెప్పేది ఈయనే. జేబులో టేపు, చేతిలో ఇంకో టేపు. నేను కొలబద్ద అని పేరు పెట్టాను.

వీళ్ళకో పద్ధతి ఉంది. ప్రతి కారుకీ ఒక పాత ఫోటో ఎంచుతారు. ఆధార ఫోటో అంటారు. కారు ఆ రోజు ఎలా ఉందో అచ్చం అలాగే ఉండాలి. ఫోటోలో ఉన్నది కారుకి లేకపోతే మార్కులు పోతాయి, ఫోటోలో లేనిది కారుకి ఉన్నా పోతాయి. మా కారుకి గ్రూపులో ఎవరో పెట్టిన ఫోటో దొరికింది. బానెట్ ఎత్తి ఉంది. కారు చేసినాయన తెల్ల చొక్కా మోచేతుల దాకా మడిచి, తలుపు మీద చెయ్యి వేసి నవ్వుతున్నాడు. ఫోటో వెనక తారీకు ఉందట, సంవత్సరం మాత్రం చెరిగిపోయిందట.

కొలబద్ద దాన్ని నాలుగు అడుగుల కాగితం మీద ప్రింటు తీయించి తెచ్చి మా గోడకి అంటించి వెళ్ళాడు. ఎక్కడ నిలబడినా ఫోటోలో ఆయన మనల్నే చూస్తున్నట్టుంది.

ఫిబ్రవరి 25

అన్నయ్య పెయింటంతా గీకేశాడు. మళ్ళీ వేస్తున్నాడు. సీసా పచ్చ.

వదిన రెండు రోజులుగా వాడితో మాట్లాడటం లేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టుంది మీ అన్నయ్య వరస అని నాతో మాత్రం అంది.

మార్చి 4, మధ్యాహ్నం

ఈ రోజు నా మీద పడ్డారు.

నేను పెట్టింది కొత్తరకం బ్రేకు సిలిండరు. పెడల్ తొక్కితే చక్రాలకి ఆయిల్ నెట్టేది ఇదే, లోపల రెండు గదులు. ముందు చక్రాల లైను పోయినా వెనక చక్రాలు పట్టుకుంటాయి. పాత కాలపుది ఒకటే గది, నాలుగు చక్రాలకీ ఒకటే లైను. ఎక్కడైనా కారిందా, నాలుగూ పోతాయి. పెడల్ నేలకి తగులుతుంది, ఆ తర్వాత దేవుడే దిక్కు. ఎల్‌కేజీ పిల్లకి చెప్పినా అర్థమవుతుంది.

వీళ్ళకి అర్థం కాలేదు. ఫోటోలో పోత ఇనుప సిలిండరు కనబడుతోంది, మీది అల్యూమినియం, పది మార్కులు పోతాయి అన్నారు. మొదట మర్యాదగానే జవాబిచ్చాను. అది కొండ దారి, దిగేటప్పుడు పన్నెండు మలుపులు, కారులో మనుషులుంటారు అన్నాను. కారు చేసినాయన దాంతోనే నడిపాడు కదా అన్నారు. ఒడ్డున కూర్చున్నవాళ్ళకి లోతేం తెలుసు!

చివర్లో ఒకడు పోనీలెండి అన్నాడు. బ్రేకుల పని ఆడమనిషి చేసిందట, పాత సిలిండరు బాగుచెయ్యడం ఆవిడకి చేతకాకపోయి ఉంటుంది, ఇబ్బంది పెట్టకండి అన్నాడు. దానికి అరవై మంది నవ్వు బొమ్మలు పెట్టారు.

చేతకాకపోయి ఉంటుందట.

మార్చి 5

మూడో పెట్టెలోంచి పాత సిలిండరు బయటికి తీశాను. ఊరికే చూద్దామని.

మార్చి 11

అయిపోయింది. లోపల తుప్పుపట్టిన గోడల్ని అద్దంలా తోమాను. రబ్బరు కప్పులు కొలత ప్రకారం కోయించి తెప్పించాను. అడుగున వెంట్రుకంత గీత ఉంది. గోరుతో గీరి చూశాను, పోత పోసినప్పటి అతుకు గీతలా ఉంది. కారుకి బిగించి, ఆయిల్ పోసి, లైనులో గాలి తీసి, పెడల్ మీద కాలు వేసి పావుగంట నిలబడ్డాను. వెంట్రుక వాసి కూడా దిగలేదు.

వీడియో తీసి నేనే గ్రూపులో పెట్టాను. కింద ఏమీ రాయలేదు. రాయాల్సిన అవసరం ఏముంది?

ఐదు వందల మంది మెచ్చుకున్నారు. ఇలాంటి చేతులు ఇప్పుడు లేవన్నారు. కొలబద్ద స్వయంగా ఫోన్ చేసి నమస్కారమమ్మా అన్నాడు. నవ్వు బొమ్మ పెట్టినవాళ్ళలో పదిమంది సారీ చెప్పారు. నన్ను మునగచెట్టు ఎక్కించారు, నేను ఎక్కాను. సిగ్గులేకుండా రాస్తున్నాను, ఒళ్ళు పొంగిపోయింది. కొత్త సిలిండరుని గుడ్డలో చుట్టి అటక మీద పడేశాను.

మార్చి 23

అన్నయ్య తెల్ల చొక్కా కుట్టించుకున్నాడు. షో రోజున నడిపేవాడు కూడా ఫోటోకి తగ్గట్టుంటే బాగుంటుందని గ్రూపులో ఎవరో అన్నారట. పాపిడి మార్చాడు. అద్దం ముందు కాదు, గోడ మీద ఫోటో ముందు నిలబడి దువ్వుకుంటున్నాడు.

వదిన మొదట పగలబడి నవ్వింది. అన్నయ్య తలుపు మీద చెయ్యి వేసి, మెడ ఆ పక్కకి వంచి నవ్వాడు. ఆమె నవ్వు ఆపేసింది. ఎవరిలా నవ్వుతున్నారు అని అడిగింది. వాడు ఫోటో వైపు తిరిగి మళ్ళీ దువ్వుకున్నాడు.

మార్చి 31, సోమవారం

గ్రూపులోకి ఈ రోజు కొత్తగా ఒకావిడ వచ్చింది. కారు చేసినాయన కూతురట. పెద్దావిడ. చాలా పద్ధతిగా రాసింది. కారు చూసి కళ్ళనీళ్ళు వచ్చాయంది, అంతా తనకి గుర్తున్నట్టే ఉందంది. ఫోటో తీసింది వాళ్ళమ్మ అంది. ఆ రోజు పొద్దున తీసిందట. మధ్యాహ్నానికి ఆయన లేరట. కొండ దిగుతుంటే బ్రేకు పెడల్ నేల దాకా పోయిందని, కారులోంచి బయటికి తీసిన లారీ డ్రైవరుతో ఆయనే అన్నారట. అందుకే ఆ ఒక్క భాగం మాత్రం మార్చండి బాబూ అని అడిగింది.

నాలుగుసార్లు చదివాను.

గ్రూపులో వాళ్ళు ఏమన్నారో కూడా రాస్తాను. పండగ చేసుకున్నారు. ఫోటో సంవత్సరం దొరికినట్టే అన్నారు. పేపర్లో వచ్చి ఉంటుంది, కత్తిరింపు వెతకండి అన్నారు. ఆఖరి రోజు ఆఖరి గంటకి రిస్టోర్ చేసిన కారు దేశంలో ఇంకోటి లేదన్నారు. ఆ సిలిండరు మార్చడం చరిత్రని మార్చడమే అని కొలబద్ద రాశాడు. పెద్దావిడ మళ్ళీ రాయలేదు.

అంటే పెట్టెలో ఉన్నది అదే సిలిండరు. అడుగున గీత అతుకు గీత కాదేమో. నేను గోరుతో గీరి చూశాను. గోరుతో!

ఏప్రిల్ 1

అన్నయ్యకి చెప్పాను. కొత్తది పెడతాను, రెండు గంటల పని అన్నాను. నువ్వే పావుగంట తొక్కి నిలబడ్డావు కదా అన్నాడు. నిలబెట్టిన కారు వేరు, కొండ దిగే కారు వేరు, వేడెక్కితే ఇనుము మాట మారుస్తుంది అన్నాను. ఐదు వందల మంది చూశారు నీ పనిని, నీ పని మీద నీకే నమ్మకం లేదా అన్నాడు.

నమ్మకం లేదు అంటే సరిపోయేది. రెండు ముక్కలు.

వదినకి చెబుతానన్నాను. చెబితే ఈ జన్మలో నాతో మాట్లాడనన్నాడు. వాడి తల మీద చెయ్యి పెట్టుకుని మరీ అన్నాడు.

గురువారం వాడు సీటు కవర్ల కోసం బయటికి వెళ్తాడు. అప్పుడు మార్చేస్తాను. అడిగేదేమిటి?

ఏప్రిల్ 3, గురువారం

అన్నయ్య బయటికి వెళ్ళలేదు. కొలబద్దని పిలిపించాడు.

షోకి ముందు బానెట్‌కి తీగ చుట్టి సీసం ముద్ర వేస్తారు. ముద్ర వేశాక షో అయ్యేదాకా బానెట్ తెరవకూడదు. ముద్ర తెగితే కారు పోటీలో లేనట్టే. మామూలుగా శనివారం సాయంత్రం వేస్తారు. నేనేం చేస్తానో వాడికి తెలుసు, ఒక కడుపున పుట్టినవాళ్ళం. అందుకే రెండు రోజులు ముందే వేయించాడు.

నేను అటక దిగేసరికి కొలబద్ద పట్టకారుతో సీసం నొక్కుతున్నాడు. నా చేతిలో కొత్త సిలిండరు చూసి చిన్నగా నవ్వాడు. దాన్ని మ్యూజియంలో పెట్టుకోండమ్మా అన్నాడు. ఆ తమాషాకి అన్నయ్య కూడా నవ్వాడు, ఆ ఫోటో నవ్వు.

ఏప్రిల్ 5, శనివారం, సాయంత్రం 5

కట్టర్ తీసుకుని వెళ్ళాను. సన్న తీగ, ఒక్క నొక్కు చాలు. వాడు కారు పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు.

అరవలేదు. అరిస్తే కోసేసేదాన్ని. ఏడ్చాడు. రెండేళ్ళు చెల్లీ అన్నాడు. ఎవరైనా మనల్ని మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో చెప్పు అన్నాడు. నాన్న పోయాక మన షెడ్డుని మనిషన్నవాడు తొంగి చూశాడా అన్నాడు. ఒక్క రోజు, రేపు ఒక్క రోజు, మెల్లగా దిగుతాను, ఫస్ట్ గేర్లో ఇంజిను పట్టు మీదే దిగుతాను, బ్రేకు ముట్టుకోను అన్నాడు.

కట్టర్ జేబులో పెట్టుకుని వచ్చేశాను.

వదిన తోటకూర గిల్లుతూ, ఏంటి ముఖం అలా ఉంది అని అడిగింది. తలనొప్పి అన్నాను.

ఏప్రిల్ 6, ఆదివారం, ఉదయం 6:40

వదినని కూడా ఎక్కించుకుంటానన్నాడు. అప్పుడు నోరు తెరిచాను. ఎక్కొద్దు వదినా అన్నాను. ఎందుకు అంది. బ్రేకులు బాగా లేవు అన్నాను. ఆమె అన్నయ్య వంక చూసింది, నా వంక చూసింది. బ్రేకులు చేసింది నువ్వే కదా అంది. నేనే అన్నాను. నిలబడిపోయింది. అన్నయ్య ఒక్కడే గేటు దాటాడు, చెయ్యి ఊపుకుంటూ.

వదిన చెప్పులు కూడా వేసుకోకుండా ఆ కారు వెనక మలుపు దాకా పరుగెత్తింది. ఆగలేదు వాడు.

ఉదయం 11:15

పైకి ఎక్కాడట. అందరూ లేచి చప్పట్లు కొట్టారట. గ్రూపులో వీడియోలు. కారు మెరిసిపోతోంది.

దిగడం పన్నెండింటికి.

ఏప్రిల్ 9

తొమ్మిదో మలుపు.

నన్ను తీసుకెళ్ళి చూపించారు. బ్రేకుల సంగతి తెలిసిన మనిషి కావాలన్నారు, ఆ మనిషిని నేనే. సిలిండరు అడుగున గీత వెంట పగిలింది. ఆయిలంతా కిందకి పోయింది. నాలుగు చక్రాలూ. పోలీసాయన రాసుకుంటూ, ఎవరు బిగించారు అని అడిగాడు. చెప్పాను. స్పెల్లింగ్ అడిగాడు. అదీ చెప్పాను.

అన్నయ్యని నిన్న దహనం చేశాం. తెల్ల చొక్కా మాత్రం వెయ్యనివ్వలేదు వదిన. గళ్ళ చొక్కా వేశాం, గ్రీజు మరకలున్నది, షెడ్డులో వేసుకునేది.

వదిన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు. శనివారం తలనొప్పి అన్నావు కదా అని ఒక్కసారి అంది.

ఏప్రిల్ 19

కారుని షెడ్డులో దించి వెళ్ళారు. తుక్కువాడికి ఇచ్చేయమని వదిన మూడుసార్లు చెప్పింది. రేపు రేపంటున్నాను.

గ్రూపులో ఎవరో నలిగిన కారు ఫోటో పెట్టారు. దాన్ని మళ్ళీ ఎలా నిలబెట్టాలో రెండు వందల నలభై మంది రాశారు. పొద్దుటి నుంచీ కూర్చుని అన్నీ చదివాను.

కొన్ని బాగానే ఉన్నాయి.