మోకాలి మీద మీ సుత్తి

ఏమండీ,

మీరు పోయి నేటికి ఏడాది. మీరు రోగుల మోకాళ్లు కొట్టి చూసే రబ్బరు సుత్తిని ఈ నెలలో రెండుసార్లు బయటికి తీశాను.

నెల మొదట్లో కొబ్బరి దింపుకి వచ్చిన సూరిబాబు చెట్టుకి దండం పెట్టుకోకుండానే ఎక్కడానికి కాళ్లకి తాడు బంధం వేసుకున్నాడు. ఏనాడూ అలా చెయ్యనివాడు. తాగాడేమోనని దగ్గరికెళ్లి వాసన చూశాను. తాగలేదు.

"ఏం మింగావురా?"

"వర్షాల్లో జారేను కదండీ మామ్మగారూ. అప్పట్నుంచి చెట్టెక్కితే కాళ్లు వణికేవండి. మందుల షాపులో బిళ్లలిచ్చేరు. ఇప్పుడు భయమే లేదండి!"

ఆ మాటతో నా అనుమానం పెరిగింది. అరుగు మీద కూర్చోబెట్టి, మీరు చేసినట్టే మోకాలి కింద కొట్టాను. ఎగరాల్సిన కాలు నిద్రలో ఉన్నట్టు కాస్త కదిలి ఊరుకుంది. చెట్టెక్కనివ్వకుండా అమలాపురం డాక్టరు దగ్గరికి పంపాను.

"మన డాక్టరుగారే నయమండి. కొట్టేక కాఫీ ఇచ్చేవోరు" అని గొణుక్కుంటూ వెళ్లాడు.

ఈరోజు మళ్లీ వచ్చాడు. బిళ్లలు మెల్లిగా మాన్పించారట. నేను నమ్మలేదు. మళ్లీ కొట్టాను. కాలు ఎగిరి, ఎదురుగా స్టూలు మీద మీకోసం పెట్టిన కాఫీ గ్లాసుని తన్నింది. గ్లాసు ముక్కలైంది.

వాడు బిక్కచచ్చిపోయాడు. నేను లోపలికెళ్లి, ఇంకో గ్లాసులో వాడికి కాఫీ తెచ్చి ఇచ్చాను.