పెరటి చింతకు రాని వాటా

విజయనగరం,
జనవరి 22, 2017

కొంగల రెట్టలు ఊడ్చి ఊడ్చి నడుము పట్టేసిన మా అమ్మకు,

ఫోనులోనైతే మళ్ళీ వాదనకే దిగుతాను. తప్పు ఒప్పుకోవడానికి నాకు కాగితమే మేలు.

నిరుడు ఇదే నెలలో నువ్వు పెరటి చింతను కొట్టించేస్తానన్నావు. దాని మీద గూళ్ళు కట్టే కొంగల వాసనకు నీ ఆయాసం పెరుగుతోంది. వాటి రెట్టలు పడి పండూ దక్కడం లేదు. అయినా నేనే అడ్డుపడ్డాను. "కేంద్రం తన పన్నుల్లో రాష్ట్రాలకిచ్చే వాటాకు ఇప్పుడు అడవినీ లెక్కలోకి తీసుకుంటున్నారమ్మా. చెట్టు కాపాడినవాళ్ళకు ఆ డబ్బు చేరుతుంది" అన్నాను. నువ్వు చెట్లు కొట్టే అప్పలసూరి మావను వెనక్కి పంపేశావు. "మా షీబా సదువుకున్నాది, దానికి తెలీదేటి?" అన్నావట.

నాకు తెలియదమ్మా. మొన్న కాలేజీ చర్చా పోటీలో అదే వాదన వినిపించాను. ఎదుటి పక్షం నుంచి పృథ్వీరాజ్ లేచి, "మీ ఊరికెంతొచ్చినాదేటి?" అన్నాడు. సభంతా నవ్వింది. నేను గణాంకాలు గుప్పించాను, గెలిచాను కూడా. గెలిచిన క్షణం నుంచి కుదురు లేదు. ఆ వాటాలు తేల్చిన ఆర్థిక సంఘం నివేదిక మళ్ళీ చదివాను. ఆ వాటా రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. అక్కడి నుంచి ఊళ్ళకు పంచి తీరాలన్న షరతు లేదు. పైగా వాళ్ళు కొలిచేది అడవిని. పెరట్లో ఒంటరిగా నిలిచిన చింత ఆ కొలతకు ఆనదు. అడవిని నిలిపిన రాష్ట్రానికి పరిహారమివ్వడం న్యాయమే, ఇప్పటికీ అంటాను. ఆ న్యాయం ఖజానా గుమ్మం దాటకపోవడమే అన్యాయం. ఇదంతా నీ ఊపిరిని పందెం కాసి నేర్చుకున్నాను.

చెట్టు కొట్టించెయ్యి. ఈసారి అడ్డుపడను.

నీ ముందు ఓడిన కూతురు,
షీబా


షీబమ్మా,

ఉత్తరం అందినాది. కొట్టించీమని సెప్పడానికి నువ్వెవర్తివే? నీ మాటకి ఆగాననుకున్నావేటి? అప్పలసూరి గొడ్డలట్టుకొచ్చినరోజుకి గూళ్ళల్లో పిల్లలున్నాయి. కొంగపిల్లల కోసం ఆపీసానంటే ఆడు ఊరంతా సెప్పుకుని నవ్వుతాడని నీ సదువు పేరు సెప్పాను. అయి ఎగిరిపోయాక ఏసవిలో కొట్టిద్దారంటే, మళ్ళీ ఏడు గూటికొస్తాయి గదాని మనసొప్పలేదు.

ఇప్పుడూ పిల్లలున్నాయి. ఏప్రిల్లో ఎగిరిపోతాయి. ఈసారి కొట్టించీడమే. నాకు జాలున్నాది గాని ఊపిరి లేదు.

ఏడుస్తా కూకోకు. వాదించుకోవాలంటే ఈ మూణ్ణెల్లల్లో వాదించుకో. నాతో గాదు, ఆ ఖజానా గుమ్మం కాడ కూకున్నోలతోటి.

ప్రభువు నీకు తోడు.
అమ్మ, లీలారాణి