మా అన్నయ్య పక్క సీసా

మెదళ్ళ బ్యాంకు పెద్ద అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: జబ్బు మెదళ్ళ జాబితాలో పడిన నా పేరును మంచి మెదళ్ళ జాబితాకు మార్పించుకొనుట గురించి.

తాళాలు బాగుచేసి బతికే నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. నిరుడు పోయిన మా అన్నయ్య మెదడు తమ వద్ద సీసాలో ఉన్నది. ఎవరికీ వినబడని మాటలు ఆయనకు ముప్పయ్యేళ్ళు వినబడ్డాయి. పరిశోధనకు పనికొస్తుందని బతికుండగా ఆయనే సంతకం చేసి ఇచ్చాడు.

2. పక్కన పెట్టి పోల్చడానికి జబ్బు లేని మెదడూ కావాలనీ, తోడబుట్టినవాడిదైతే మరీ మంచిదనీ తమ డాక్టరమ్మ చెప్పగా నాకు ఇట్టే బోధపడినది. పాడైన తాళం ఎక్కడ పట్టేసిందో తెలియాలంటే అదే అచ్చు మంచి తాళాన్ని పక్కన విప్పి చూడాలి గదా. నేను పోయాక నాది విప్పుకోమని ఫారం పుచ్చుకొంటిని.

3. తప్పు అక్కడ జరిగినది. నలభై ప్రశ్నలు. పదోదానికే చెయ్యి దురద పెట్టినది. "మిమ్మల్ని ఎవరైనా వెంటాడుతున్నారా?" అన్నచోట "మా వీధి బాతు" అనియు, "మిమ్మల్ని మీరు గొప్పవారని అనుకుంటారా?" అన్నచోట "మీ పై అధికారిని నేనే, త్వరలో తనిఖీకి వస్తాను" అనియు రాసితిని. బాతు సంగతి నిజం. విచారించుకోవచ్చును.

4. తమరు ఆఫీసంతా కడిగించి, పూలకుండీలు పెట్టించి, మూడు రోజులు ఇస్త్రీ బట్టల్లో ఎదురుచూశారని గేటు దగ్గరాయన చెప్పాడు. పిదప కోపగించి నన్ను జబ్బు జాబితాలోకి నెట్టితిరి. నమ్మింది తమరైతే జబ్బు నాకా?

5. డాక్టరమ్మను బతిమాలితే, "మీరు బాగానే ఉన్నారని ఇంట్లోవాళ్ళు ఎవరైనా రాసివ్వాలండీ" అన్నది. మా ఆవిడను అడిగితే, "అబద్ధానికి నా సంతకం అడక్కండి" అన్నది.

అయ్యా, వెటకారం పక్కన పెట్టి ఒక్క మాట. ఊళ్ళో తాళాలన్నీ తీశాను. మా అన్నయ్యది తీయలేకపోయాను. నా కొంటె పనులకు ఇంటిల్లిపాదీ తిడుతుంటే, "ఉండండ్రా, మా తమ్ముడేదో చెబుతున్నాడు" అని తన చెవిలోని మాటల్ని కసిరి, విని, నవ్వినవాడు ఆయనొక్కడే.

కావున నన్ను బాగున్నవాడి కింద లెక్కగట్టి, ఆయన పక్క సీసా నాకు అట్టేపెట్టించవలెనని ప్రార్థించుచున్నాను. తొందరేమీ లేదు.

ఇట్లు,
ఉన్నంతకాలం తమ విధేయుడు,
పోయాక పూర్తిగా తమవాడు.

తా.క.: నేను ఈయన భార్యను. పోస్టులో వేయమని ఇస్తే విప్పి చదివాను. ఈయనకు ఏ జబ్బూ లేదు. అన్నీ తెలిసే చేస్తారు. ఆ బాతును ముందు కెలికింది కూడా ఈయనే. సంతకం పెడుతున్నాను.