బొమ్మను లోపలికి రానిచ్చారు

16 ఆగస్టు 2007, గురువారం, రేపల్లె. పొద్దుటి నుంచి ముసురు. పాప బట్టలు ఉతికి వసారాలో ఆరేశాను. సైకిల్ దుకాణం తెరవలేదు, కాబట్టి లెక్క రాయడానికేమీ లేదు.

రత్నం, ఎలా ఉన్నావు? నువ్వు పోయి ఏడాది కావస్తోంది. ఈ పుస్తకంలో పంక్చర్లు, చైన్లు తప్ప ఇంకేమీ రాయనివాణ్ణి. ఇవాళ కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నీకు రాస్తున్నాను.

మన పద్మకు అంగన్‌వాడీ టీచరు ఉద్యోగం వచ్చింది. నువ్వు పిల్లలకు పాటలు నేర్పిన గదిలోనే. నీకు సంతోషమే కదా... బాపట్లలో ట్రైనింగు వేశారు. దాని కూతురికి ఇంకా నాలుగో నెల. తల్లిపాలు తప్ప మరొకటి ఎరగదు. అందుకని పాపను ఎత్తుకుని నేనూ వెళుతున్నాను. ఇక్కణ్ణుంచి తెనాలి, అక్కడ బండి మారి బాపట్ల.

అప్పుడూ అంతే కదా? నువ్వు ట్రైనింగుకు వెళ్ళినప్పుడు పద్మ చంటిది. నువ్వు రేకుల షెడ్డులో, నేను దాన్నెత్తుకుని బయట ఎండలో. సాయంత్రం తెనాలి స్టేషన్లో, పాలతో తడిసిన రవికె మీద కొంగు కప్పుకుని నువ్వొక మాటన్నావు.

"పాపం, వాళ్ళ దగ్గర మాత్రం డబ్బులెక్కడివయ్యా? డబ్బులొస్తే ముందు ఓ ఉయ్యాలే కట్టిస్తారు, చూడు."

డబ్బులొచ్చాయి రత్నం.

కొత్త భవనం కట్టారు. నేలంతా నున్నటి బండలు. మైకు, గోడంత బ్యానరు, దాని మీద నవ్వుతున్న పసిపిల్ల ఫొటో. వచ్చిన ప్రతి అమ్మాయికీ ఒక సంచీ, పెన్నూ. చంటిపిల్లలను మాత్రం లోపలికి తేకూడదట. పాఠానికి అడ్డమట. వరండాలో నాతోపాటు ఇద్దరు అమ్మమ్మలు, ట్రైనింగుకొచ్చిన కొల్లూరు అమ్మాయి భర్త... అందరి ఒళ్ళోనూ ఒక్కో బిడ్డ.

మొన్నటి పాఠం ఏంటో తెలుసా? తల్లిపాలు. బిడ్డ ఏడవగానే పట్టాలని మైకులో చెబుతున్నారు. ఎలా ఎత్తుకోవాలో చూపించడానికి ఒక ప్లాస్టిక్ బొమ్మను తెచ్చారు. ఇటు నా చేతుల్లో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. కిటికీలోంచి పద్మ నన్ను చూసి తల దించుకుంది. టీ గంట కొట్టేదాకా కదలకూడదు. బొమ్మకు లోపల చోటుంది, బిడ్డకు లేదు!

లేనప్పుడు పెట్టలేదంటే ఊరుకోవచ్చు. ఉండీ పెట్టకపోతే? నీ మీద కూడా కోపంగానే ఉంది. అంత నమ్మకం ఎందుకు పెట్టుకున్నావు?

నిన్న జెండా పండుగ, సెలవు. నీ పెట్టె తెరిచి ఆకుపచ్చ నేతచీర తీశాను. ఇవాళ పాఠం మొదలు కాకముందే హాల్లోకి వెళ్ళి, వెనక దూలానికి ఉన్న కొక్కేనికి ఉయ్యాల కట్టి పాపను పడుకోబెట్టాను. ఎవరినీ అడగలేదు. కొల్లూరు అమ్మాయి వచ్చి, కిసుక్కున నవ్వి, తన పిల్లాణ్ణి కూడా పక్కన పడుకోబెట్టింది.

ఆఫీసరమ్మ వచ్చింది. "ఏంటి బాబాయిగారూ, ఇది ట్రైనింగ్ సెంటరండి, మీ ఇల్లు కాదు" అంది. నువ్వుంటే ఏమనేదానివి? అటెండరు చేత ఉయ్యాల విప్పించింది. ఇంకోసారి ఇలా జరిగితే పద్మ పేరు కొట్టేస్తానంది.

తెనాలి స్టేషన్లో పద్మ నాకు దూరంగా బెంచీ చివరకు జరిగింది. తడిసిన రవికె మీద కొంగు కప్పుకుని కూర్చుంది. అచ్చం నువ్వే... ఉద్యోగానికి నేనే ఎసరు పెట్టానా అనుకున్నాను. బండి వచ్చే వేళకు నా సంచీలోంచి చీర తీసి, అంచు లాగి చూసి అడిగింది. "నాన్నా, ఇది ముగ్గురు పిల్లల్ని మోస్తుందా?"

రేపు మళ్ళీ కడతాం. ఈసారి ముడి తను వేస్తుందట. వాళ్ళు విప్పితే ఎల్లుండి కూడా.

కొక్కెం దగ్గర చీర ఒరుసుకుపోతోంది. పాత ట్యూబు ముక్క కోసి చుట్టాలి. పాప లేచినట్టుంది. కత్తెర దుకాణంలో...