సారె లెక్కలో లేని కూలి

పటమట, విజయవాడ
ఆదివారం

చిరంజీవి ప్రద్యుమ్నకి,

నాయనమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమమని ముందుగా రాయడం ఆచారం కనుక రాశాను. ఎంత క్షేమమో చదువుతుంటే నీకే తెలుస్తుంది. ఫోను చెయ్యొచ్చుగా అంటావేమో. ఈ ఇంట్లో నేను ఫోనెత్తితే మీ నాన్న వచ్చి స్పీకరు పెడతాడు. కాగితానికి ఆ బాధ లేదు.

నీ ఉత్తరం అందింది. పుణెలో వానలు ఎడతెరిపి లేకుండా పడుతున్నాయని రాశావు. గొడుగు కొనుక్కో. నా మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కడం మానేశాక నొప్పి తగ్గిందంటే డాక్టరు తన మందే పనిచేసిందని మురిసిపోయాడు. ఆయన ఆనందం నేనెందుకు చెడగొట్టాలని ఫీజు ఇచ్చి వచ్చేశాను.

ఇక నువ్వడిగిన రెండు ప్రశ్నలు. అవే రేట్లు, అవే సరుకులు, అయినా పోయిన నెల నుంచి చేసిన ప్రతి సారెకీ నష్టం చూపిస్తోందేమిటన్నది ఒకటి. మధ్యాహ్నం పూట అమ్మ ఫోనెత్తదేమన్నది రెండోది. ముప్ఫై ఏళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన టీచరుగా చెబుతున్నాను, రెండింటికీ జవాబు ఒకటే.

పెళ్ళిళ్ళకీ శ్రీమంతాలకీ సారె పిండివంటలు చేసి అమ్మే మీ నాన్నకి ఏ సారె మిగిల్చిందో, ఏది ముంచిందో తెలిసేది కాదు. అందుకని నువ్వు చదివిన చదువంతా ఉపయోగించి, సారెకొక షీటు తయారుచేసి పంపావు. మంచిదే. బెల్లానికో గడి, నేతికో గడి, గ్యాసుకి, అట్టపెట్టెలకి, ఆటోకి, గిన్నెలు తోమే దానమ్మ కూలికి, అన్నింటికీ గడులే. మీ నాన్న ఆ ఫోను పట్టుకుని వచ్చినవాళ్ళకల్లా చూపించేవాడు. "చూడండి బాబాయ్, నూటికి ముప్ఫై మిగులు! ఈ ఊళ్ళో ఎవడికుందండీ?" అని.

ఒకనాడు నేను అడిగాను. "ఒరే కోటేశ్వరరావూ, పాకం పట్టేది జ్ఞానేశ్వరి. అరిసెలు ఒత్తేది జ్ఞానేశ్వరి. పెట్టెలు సర్దేది జ్ఞానేశ్వరి. దాని గడి ఏదిరా?"

"భలేదానివమ్మా! ఇంటి ఇల్లాలికి ఎక్కడన్నా కూలి కడతారా? లక్ష్మిని లెక్కెడితే నిలవదంటారు."

"పొయ్యి దగ్గర పొద్దస్తమానం నిలబెట్టే ఉంచావుగా. ఇంకెంత నిలవాలి?"

వాడు నవ్వాడు. నేను నవ్వించడానికి అనలేదు.

మీ నాన్న ఇంటరు తప్పినవాడు, వాణ్ణి వదిలెయ్. నువ్వు ఈ జమాఖర్చుల విద్యలోనే పట్టా పుచ్చుకున్నావు. రెండ్రూపాయల అట్టపెట్టె గుర్తుకొచ్చింది నీకు, అమ్మ గుర్తుకు రాలేదు. ఆ నూటికి ముప్ఫై మీ నాన్న తెలివీ కాదు, నీ షీటు మహిమా కాదు. మీ అమ్మకివ్వని కూలి.

ఎండాకాలంలో దాని కుడి మణికట్టు వాచి బూరెలా అయింది. అరిసెలు ఒత్తడం మానకపోతే చెయ్యి పనికిరాకుండా పోతుందని డాక్టరు చెప్పాడు. "ఈ ముహూర్తాలు గడవనీ, చూద్దాం" అన్నాడు మీ నాన్న. ముహూర్తాలు మళ్ళీ ఏడూ వస్తాయని పాపం వాడికి తెలియదు.

ఇప్పుడు నీ దగ్గర అందరం కలిసి దాచిన సంగతి. అమ్మ గుడికెళ్ళిందని మీ నాన్న నీకు చెబుతున్నాడు కదా. పది నుంచి ఐదు దాకా రోజూ గుళ్ళో ఏం చేస్తుందిరా, ధ్వజస్తంభం తోముతుందా? మీ అమ్మ మంగళగిరిలో శ్రీదుర్గ స్వీట్ల కార్ఖానాలో ఉద్యోగం చేస్తోంది. అవును, పేరు వింటేనే మీ నాన్న పళ్ళు నూరే ఆ శ్రీదుర్గే. నెలకి ఇరవై రెండు వేలు. అరిసెలు ఒత్తడానికి అక్కడ మిషనుంది. మీ అమ్మ పాకం చూసి సరే అంటే చాలు.

ఆ ఉద్యోగం కుదిర్చింది నేనే. ఆ కార్ఖానా యజమానురాలు శ్రీదుర్గ ఒకప్పుడు నా దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్ల. ఫోను చేసి, పాకం తెలిసిన మనిషి కావాలా అన్నాను.

"మీ కోడలా టీచర్? కోటేశ్వరరావు గారు ఊరుకుంటారంటారా?"

"వాడికి ఊరుకోవడం కొత్త. నేర్చుకుంటాడులే" అన్నాను.

మొదటిరోజు మీ నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి, "చుట్టుపక్కల వాళ్ళేమనుకుంటారే?" అన్నాడు. "పాకం బాగా పడతాననుకుంటారు" అని మీ అమ్మ చెప్పులేసుకుని బస్సుకి వెళ్ళింది. దాని చోట ఇద్దరు ఆడవాళ్ళని పెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్ళ కూలి గడిలో పడింది, మిగులు ఎగిరిపోయింది. అదిరా నీ నష్టం. మొదట్నుంచీ ఉన్నదే, ఇప్పుడు నీకు కనబడింది.

ఇక్కడితో ఆపితే బాగుండేది. ఒకటో తారీకున మీ అమ్మ మొదటి జీతం తెచ్చింది. గుమ్మంలోనే మీ నాన్న, "నెయ్యి షాపతను వచ్చి కూర్చున్నాడు, ఇటియ్యి, వారంలో ఇచ్చేస్తా" అన్నాడు. ఇచ్చేసింది. ఎదురు చెప్పడానికి నోరు వచ్చిందనుకున్నాను గానీ, చెయ్యి ఇంకా పాత అలవాటులోనే ఉంది.

ఆ డబ్బు వాడు ఎక్కడ రాశాడో తెలుసా? ఉయ్యూరు సారె షీటులో, జమ వైపు. ఈ నెలలో అదొక్కటే లాభం చూపించడానికి కారణం అది. నిన్న నువ్వు దాన్ని చూసి "సూపర్ నాన్నా" అని మెసేజి పెట్టావట. వాడు ఇంట్లో రెండుసార్లు చదివి వినిపించాడు. మీ అమ్మ విన్నది. మణికట్టుకి కట్టు బిగించుకుంటూ కూర్చుంది.

అందుకని నువ్వొక పని చెయ్యి. ఆ షీటు తెరిచి జమ కొట్టెయ్. దాన్ని బాకీ కింద రాయి. అమ్మకి బాకీ అని మాత్రం రాయకు. అలా రాస్తే, తల్లి ఋణం తీరేది కాదంటూ తండ్రీ కొడుకులు కళ్ళొత్తుకుని అక్కడితో సరిపెడతారు. జ్ఞానేశ్వరికి బాకీ, ఇరవై రెండు వేలు అని రాయి. ఎప్పటిలోగా తీర్చాలో తారీకు కూడా వెయ్యి.

ఇట్లు,
వాణ్ణి కన్న నీ నాయనమ్మ,
కనకవల్లి