మోకాలెత్తు కిటికీ

1961 మార్చి 3

చెప్పేది నేను, వెంకటశేషమ్మని. రాసేది ఆనందకుమారి టీచరమ్మ. నాకు అక్షరం ముక్క రాదు. నా మాటల్ని ఎక్కడా మెత్తబరచొద్దని టీచరమ్మ చేత ఒట్టేయించుకున్నాను.

ముత్తుకూరు అవతల, సముద్రం ఒడ్డున, తోలుబొమ్మల మాల్యాద్రి పని చేసుకునేందుకు పంచాయతీ సమితి వాళ్లు షెడ్డు కట్టినారు. దాని డిజైను నాది. వాకిట్లో పాతే బండ మీద మాత్రం ఓవర్సీరు పద్మనాభయ్య పేరు చెక్కిస్తారంట.

చూస్తాను, ఎట్లా చెక్కిస్తారో.

మార్చి 4

ఓవర్సీరును నిలదీసినాను. డిజైనంటే కాగితం మీద ఉండాల, నీ కాగితమేదవ్వా అన్నాడు. నా కాగితం ఇసుక నాయనా అన్నాను. నవ్వినాడు.

మార్చి 5

జరిగింది ఇది. మాల్యాద్రి పని మూడు రోజులు కూర్చుని చూసినాను. మేకతోలు మోకాళ్ల మీద పరుచుకుని, నేల మీదే కూర్చుని రంగులేస్తాడు. గడియకోసారి లేచి బయటికిపోయి, తోలు ఎండకేసి పట్టి చూసుకుంటాడు. నడుం పట్టుకుని మళ్లీ కూర్చుంటాడు.

ఇసుకలో ముగ్గుపిండితో గది గీసి ఆయన్ను అందులో కూర్చోబెట్టినాను. మోచెయ్యి గీత దాటితే గీత చెరిపి జరిపినాను. కిటికీ ఎత్తుకు తూర్పు గీత మీద ఒక పుల్ల పాతినాను. ఓవర్సీరు టేపు తెచ్చి నా గీతలనే, నా పుల్లనే కొలుచుకున్నాడు. ముగ్గు బాగుందవ్వా అన్నాడు. పొగడ్త అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

మార్చి 9

నెల్లూరు ఇంజనీరుకు అర్జీ పంపినాము. వేలిముద్ర గట్టిగా ఒత్తినాను.

మార్చి 13

మాల్యాద్రి సాక్ష్యం చెప్పడంట. షెడ్డు తాళం ఇంకా ఓవర్సీరు దగ్గరే ఉంది, నన్ను ఇరికించొద్దవ్వా అని ఏడుపు మొహం పెట్టినాడు. నోరు ఇంట్లో పెట్టి తోలు తీసుకురా చాలన్నాను.

మార్చి 16, సాయంత్రం

గెలిచినాను!

పొద్దున్నే ఇంజనీరు జీపులో వచ్చినాడు. ఓవర్సీరును ఏమడగాలో నన్నే అడగమన్నాడు. తూర్పు గోడకు ఆ కిటికీ మోకాలెత్తులో ఎందుకుందో చెప్పమని ఓవర్సీరును అడిగినాను. వెంటిలేషను అన్నాడు. మనుషులకా, కోళ్లకా అన్నాను. చేరిన జనం పకపకా నవ్వినారు. ఆయన కాగితం తిప్పి తిప్పి చూసినాడు. కాగితంలో కొలత ఉంది, కారణం లేదు.

మాల్యాద్రిని నేల మీద కూర్చోమన్నాను. సగం రంగేసిన సీతమ్మను కిటికీకి ఆనించినాడు. ఎండ తోలులోంచి దూరి, గదంతా ఎర్రబడింది. ఆటలో దీపం వెనకుంటే రంగు ఎట్లా పలుకుతుందో కూర్చున్న చోటే తెలుస్తుంది దొరా, ఇంక లేచే పని లేదు అన్నాను. ఇంజనీరు ప్యాంటు నలగడం కూడా చూసుకోకుండా మాల్యాద్రి పక్కన చతికిలబడి, చాలాసేపు చూసినాడు.

లేచి, బండ మార్చమన్నాడు. తాళం మాల్యాద్రి చేతికే ఇప్పించినాడు.

ఏప్రిల్ 2

బండ పాతినారు. టీచరమ్మ చేత నా పేరు నాలుగుసార్లు చదివించుకున్నాను. నాలుగుసార్లూ నా పేరే వచ్చింది.

ఏప్రిల్ 20

పద్మనాభయ్య వచ్చినాడు, తల దించుకుని. ఇంట్లో ఫిడేలు వాయించుకోను ఒక గది గీసియ్యాలంట. ముందు వాయించు నాయనా అన్నాను. మూడు పాటలు విన్నాను.

గోడలు మందంగా పెట్టాల.